భాగం - 9 : ప్రజా తిరుగుబాట్లు – వార్తా చట్రాలు: యుద్ధ జర్నలిజం, శాంతి జర్నలిజం

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 వార్తా చట్రం అంటే ఏమిటి?
9.3 గాల్టుంగ్ వర్గీకరణ
9.4 నిరసన వార్తల మూస
9.5 ఉదాహరణ: ఈజిప్టు, 2011
9.6 ఒకే రోజు – రెండు కథనాలు
9.7 తెలుగు వార్తా భాష
9.8 శాంతి జర్నలిజంపై విమర్శలు
9.9 సారాంశం
9.10 కీలక పదాలు
9.11 మీ అవగాహనను సరిచూసుకోండి – సమాధానాలు
9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని అధ్యయనం చేసిన తరువాత మీరు:

- వార్తా చట్రం అనే భావనను సోదాహరణంగా వివరించగలుగుతారు.
- యుద్ధ జర్నలిజానికి, శాంతి జర్నలిజానికి గల భేదాలను గుర్తించగలుగుతారు.
- 2011 నాటి ఈజిప్టు తిరుగుబాటును వివిధ మాధ్యమాలు ఏ చట్రాల్లో చూపించాయో విశ్లేషించగలుగుతారు.
- మీరు రోజూ చదివే పత్రికలోని నిరసన వార్తను ఇదే పద్ధతిలో పరిశీలించగలుగుతారు.

9.1 పరిచయం

2011 జనవరి 25న ఈజిప్టు రాజధాని కైరోలోను, ఇతర నగరాల్లోను వేలాది మంది ప్రజలు ప్రభుత్వానికి వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చారు. అల్-అహ్రామ్ ఆ దేశంలో 1875లో స్థాపితమైన పత్రిక. ఆనాటికి అది ప్రభుత్వ యాజమాన్యంలో ఉంది. మరునాడు ఆ పత్రిక మొదటి పేజీలో ప్రముఖంగా కనిపించినవి కైరో నిరసనలు కావు, లెబనాన్‌లో జరుగుతున్న నిరసనలు. జనవరి 25 ఈజిప్టులో పోలీసు దినోత్సవం కూడా. ప్రజలు పోలీసులకు పూలు, చాక్లెట్లు ఇచ్చి అభినందించారని కూడా ఆ పత్రిక రాసింది.

ఫిబ్రవరి 11న అధ్యక్షుడు హోస్నీ ముబారక్ పదవి నుంచి దిగిపోయారు. ఫిబ్రవరి 12 నాటి అల్-అహ్రామ్ పతాక శీర్షిక: 'ప్రజలు పాలనను కూల్చారు'. మూడు వారాలు తిరగకుండానే అదే పత్రిక అదే ఉద్యమాన్ని పూర్తిగా మరో రూపంలో చూపించింది.

మొదటి పేజీలో వాస్తవాన్ని దాచారని, రెండో పేజీలో చెప్పారని మనం అనుకోవచ్చు. అది నిజమే. అయితే ఈ రెండు పేజీలకూ ఒక పోలిక ఉంది. జనం ఎందుకు వచ్చారు, ఇకపై ఏం జరిగితే వారి సమస్య తీరుతుంది అన్న రెండు ప్రశ్నలకు మొదటి శీర్షికలోనూ సమాధానం లేదు, రెండో శీర్షికలోనూ లేదు. ఒక వార్త తిరుగుబాటును సమర్థిస్తుందా, వ్యతిరేకిస్తుందా అన్నది ఒక ప్రశ్న. దాన్ని గెలుపు ఓటముల పోరుగా చూపిస్తుందా, పరిష్కారం కోరే సమస్యగా చూపిస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఈ భాగంలో మనం అధ్యయనం చేసేది రెండో ప్రశ్నను.

9.2 వార్తా చట్రం అంటే ఏమిటి?

గ్రూపు ఫొటోను పటం కట్టించేటప్పుడు చట్రం చిన్నదైతే అంచుల్లో నిలబడినవారు కనిపించరు. ఫొటోలో అబద్ధం ఏమీ లేదు. కానీ చూసేవారికి ఆ రోజు అక్కడ ఎవరున్నారన్నది చట్రమే నిర్ణయిస్తుంది. వార్త విషయంలోనూ ఇదే జరుగుతుంది. విలేకరి చూసినదంతా రాయలేడు. కొన్నింటిని ఎంచుకొంటాడు, వాటిలో కొన్నింటిని ముందుకు తెస్తాడు. ఈ ఎంపికనూ ప్రాధాన్యాన్నీ కలిపి వార్తా చట్రం అంటారు. ఇంగ్లిషులో దీన్నే ఫ్రేమ్ అని, అలా అమర్చే ప్రక్రియను ఫ్రేమింగ్ అని వ్యవహరిస్తారు.

అమెరికన్ పరిశోధకుడు రాబర్ట్ ఎంట్‌మన్ 1993లో ప్రచురించిన వ్యాసంలో చట్రం నాలుగు పనులు చేస్తుందని వివరించాడు. వాటిని ఒక నిరసన వార్తకు అన్వయించి చూద్దాం.

1. సమస్య ఏమిటో నిర్వచించడం: సమస్య రోడ్డు మీద నిలిచిపోయిన వాహనాలా, రోడ్డెక్కిన వారి వేతనాలా?
2. కారణాన్ని చూపడం: దీని వెనుక విదేశీ హస్తం ఉందా, ఏళ్ల తరబడి పేరుకొన్న అసంతృప్తి ఉందా?
3. నైతిక తీర్పు ఇవ్వడం: తప్పు ఎవరిది?
4. పరిష్కారాన్ని సూచించడం: కర్ఫ్యూ విధించాలా, చర్చలు జరపాలా, ఎన్నికలు పెట్టాలా?

మొదటి ప్రశ్నకు ఇచ్చిన సమాధానమే చాలావరకు మిగిలిన మూడింటినీ నిర్ణయిస్తుంది. సమస్య 'ట్రాఫిక్' అయితే పరిష్కారం 'పోలీసులు' అవుతుంది. సమస్య 'వేతనం' అయితే పరిష్కారం వేరు.

9.3 గాల్టుంగ్ వర్గీకరణ

యుద్ధ జర్నలిజం, శాంతి జర్నలిజం అనే విభజనను రూపొందించినవాడు నార్వే దేశానికి చెందిన జొహాన్ గాల్టుంగ్ (1930–2024). ఆయన 1959లో ఓస్లోలో శాంతి పరిశోధన సంస్థను స్థాపించాడు. 1965లో మరి హోల్మ్‌బో రూగేతో కలిసి ఒక వ్యాసం ప్రచురించాడు. కాంగో, క్యూబా, సైప్రస్ సంక్షోభాలను నాలుగు నార్వే పత్రికలు ఎలా ప్రచురించాయో అందులో పరిశీలించారు. చెడు జరిగినప్పుడు, అది ఉన్నట్టుండి జరిగినప్పుడు, పెద్ద దేశాలకో పెద్ద మనుషులకో సంబంధించినదైనప్పుడు, ఒక వ్యక్తి చుట్టూ అల్లి చెప్పడానికి వీలైనప్పుడు ఆ సంఘటన సులభంగా వార్త అవుతుందని వారు వివరించారు. నెమ్మదిగా, పేరులేని మనుషుల జీవితాల్లో, ఏళ్ల తరబడి జరిగే మార్పు వార్త కావడం కష్టం. తిరుగుబాట్ల విషయంలో ఇది చాలా ముఖ్యమైన అంశం. తిరుగుబాటు వార్త అవుతుంది కాని దానికి దారితీసిన పరిస్థితి వార్త కాదు.

గాల్టుంగ్ తరువాతి కాలంలో ఈ ఆలోచనను విస్తరించాడు. చాలా యుద్ధ వార్తలు క్రీడా వార్తల్లా ఉంటాయని, ఎవరు గెలుస్తున్నారన్నదే వాటిలో ప్రధానమని ఆయన విమర్శ. అవి ఆరోగ్య వార్తల్లా ఉండాలని ఆయన సూచన. వ్యాధి గురించి రాసేవారు రోగి పడే బాధను దాచరు. అయితే అక్కడితో ఆగరు. వ్యాధికి కారణం, చికిత్స, నివారణ కూడా చెబుతారు. ఈ రెండు ధోరణుల భేదాలను ఆయన నాలుగు అంశాల కింద చూపాడు.

| అంశం | యుద్ధ జర్నలిజం | శాంతి జర్నలిజం |
|---|---|---|
| దేనిపై దృష్టి? | హింసపై, ఇరుపక్షాల పోరు, ఇక్కడ–ఇప్పుడు జరిగేది | సంఘర్షణ మూలాలపై, అనేక పక్షాలు, గతం–భవిష్యత్తు |
| సత్యం పట్ల వైఖరి | 'వారి' అబద్ధాలను బయటపెట్టి 'మన' అబద్ధాలను కప్పిపుచ్చడం | అన్ని పక్షాల అబద్ధాలనూ బయటపెట్టడం |
| ఎవరి గొంతు? | నాయకులు, అధికారులు, సైన్యాధికారులు | సామాన్య ప్రజలు, బాధితులు, సంధానకర్తలు |
| ముగింపు ఏమిటి? | విజయం, కాల్పులు ఆగితే కథ ముగిసినట్లే | పరిష్కారం, ఆ తరువాతి పునర్నిర్మాణం, రాజీ కూడా వార్తే |

జేక్ లించ్, అనాబెల్ మెక్‌గోల్డ్‌రిక్ 2005లో ప్రచురించిన గ్రంథం ఈ ఆలోచనను వార్తా గదులకు ఉపయోగపడే రూపంలోకి తెచ్చింది. వారి ప్రకారం ఏ వార్త రాయాలి, ఎలా రాయాలి అనే ఎంపికల ద్వారా సంపాదకులు, విలేకరులు అహింసాయుత మార్గాలను కూడా సమాజం పరిగణించే అవకాశం కల్పించాలి.

ఇక్కడ అభ్యాసకులు ఒక పొరపాటు చేసే అవకాశం ఉంది. మన వార్తల్లో 'శాంతి' అనే మాట ఎక్కువగా 'శాంతిభద్రతలు' అనే జంటలో వినిపిస్తుంది. అది ప్రభుత్వ యంత్రాంగం మాట. వీధులు ఖాళీగా ఉండటం ఆ అర్థంలో శాంతి. గాల్టుంగ్ చెప్పే శాంతి అది కాదు. ఆయన హింసను మూడు రకాలుగా విభజించాడు. కొట్టడం, చంపడం ప్రత్యక్ష హింస. ఒక వ్యవస్థ కొందరికి తిండి, వైద్యం, గౌరవం అందకుండా చేయడం నిర్మాణాత్మక హింస. ఈ రెండింటినీ సమంజసంగా కనిపించేటట్లు చేసే నమ్మకాలు, భాష సాంస్కృతిక హింస. వీధులు ప్రశాంతంగా ఉన్నా రెండో రకం హింస కొనసాగుతూ ఉండవచ్చు. కాబట్టి నిరసనలను తగ్గించి చూపడం శాంతి జర్నలిజం కాదు.

> మీ అవగాహనను సరిచూసుకోండి – 1
> గమనిక: మీ సమాధానాలను భాగం చివర ఇచ్చిన సమాధానాలతో సరిపోల్చుకోండి.
> అ) ఎంట్‌మన్ ప్రకారం చట్రం చేసే నాలుగు పనులేవి?
> ఆ) 'శాంతిభద్రతలు' అన్నప్పటి శాంతికి, శాంతి జర్నలిజంలోని శాంతికి తేడా ఏమిటి?

9.4 నిరసన వార్తల మూస

యుద్ధం లేని చోట కూడా యుద్ధ చట్రం పనిచేస్తుంది. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ 1968 అక్టోబరు 27న వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా లండన్‌లో జరిగిన ప్రదర్శన. ప్రదర్శనకు ముందు కొన్ని వారాల పాటు బ్రిటిష్ పత్రికలు పెద్ద ఎత్తున హింస జరగబోతుందని రాశాయి. ఆ రోజు ప్రదర్శన చాలావరకు ప్రశాంతంగా సాగింది. ఒక చిన్న వర్గం మాత్రం విడిపోయి, అమెరికా రాయబార కార్యాలయం ఉన్న గ్రోస్‌వెనర్ స్క్వేర్‌కు వెళ్లింది. అక్కడ పోలీసులతో తోపులాట జరిగింది. మరునాటి వార్తల్లో ప్రముఖ స్థానం ఆ తోపులాటకే దక్కింది. లెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన హాలరన్, ఇలియట్, మర్డాక్ దీన్ని అధ్యయనం చేసి 1970లో గ్రంథంగా ప్రచురించారు. హింస జరుగుతుందని ముందే నిర్ణయించుకొన్న పత్రికలు తమ ఊహకు సరిపోయే దృశ్యాన్ని వెతికి చూపించాయన్నది వారి అధ్యయన సారం.

తరువాతి పరిశోధకులు ఈ పోకడకు 'నిరసన వార్తల మూస' అని పేరు పెట్టారు. జోసెఫ్ చాన్, చిన్-చువాన్ లీ 1984లో హాంకాంగ్ పత్రికల అధ్యయనంలో ఈ భావనను ప్రతిపాదించారు. మూసలో సాధారణంగా కనిపించే లక్షణాలు నాలుగు: వింత వేషాలకు, గొడవలకు ప్రాధాన్యం ఇవ్వడం, అధికారుల మాటపైనే ఆధారపడటం, కోర్కెలను ఒక్క వాక్యంలో ముగించడం, సామాన్య ప్రజలకు కలిగిన అసౌకర్యాన్ని ముందుకు తేవడం.

మన ఖండంలో పరిస్థితి ఏమిటి? సియో టింగ్ లీ, క్రిస్పిన్ మాస్లోగ్ 2005లో ప్రచురించిన అధ్యయనం భారత్, పాకిస్తాన్, శ్రీలంక, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ దేశాలకు చెందిన 10 పత్రికలలోని 1,338 వార్తలను పరిశీలించింది. మొత్తం మీద యుద్ధ చట్రానిదే పైచేయి. కశ్మీర్ సమస్యపై భారత, పాకిస్తాన్ పత్రికల వార్తల్లో ఇది అత్యంత బలంగా కనిపించింది. తమ దేశంలోని సంఘర్షణల గురించి శ్రీలంక, ఫిలిప్పీన్స్ పత్రికలు రాసిన వార్తల్లో శాంతి చట్రానికి కొంత మెరుగైన స్థానం దక్కింది.

9.5 ఉదాహరణ: ఈజిప్టు, 2011

9.5.1 నేపథ్యం

ముబారక్ 1981 అక్టోబరులో అధికారానికి వచ్చారు. అదే ఏడాది నుంచి దేశంలో అత్యవసర చట్టం అమలులో ఉంది. దాని కింద పోలీసులకు విస్తృతమైన నిర్బంధ అధికారాలు ఉండేవి. 2008 ఏప్రిల్ 6న మహల్లా పట్టణంలోని వస్త్ర కార్మికులు తలపెట్టిన సమ్మెకు మద్దతుగా ఏర్పడిన యువజన ఉద్యమం ఆ తేదీనే తన పేరుగా పెట్టుకొంది. 2010 జూన్‌లో అలెగ్జాండ్రియాలో ఖాలిద్ సయీద్ అనే యువకుడు పోలీసుల దెబ్బలకు చనిపోయాడు. ఆ ఏడాది చివరలో జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో దాదాపు అన్ని స్థానాలూ అధికార పక్షానికే దక్కాయి. 2011 జనవరి 14న ట్యునీషియాలో అధ్యక్షుడు బెన్ అలీ దేశం విడిచి పారిపోయారు. పోలీసు దినోత్సవం నాడే నిరసనకు పిలుపు ఇవ్వడం యాదృచ్ఛికం కాదని దీన్నిబట్టి మీకు అర్థమవుతుంది.

9.5.2 ప్రభుత్వ మాధ్యమాలు

తహ్రీర్ కూడలి నిండిపోయినప్పుడు ప్రభుత్వ టెలివిజన్ కెమెరాలు నైలు నది మీది ప్రశాంతమైన వంతెనలను చూపించాయి. జనాన్ని ఇక దాచలేని దశలో చట్రం మారింది. నిరసనకారులు విదేశీ శక్తుల చేతిలో కీలుబొమ్మలని, వారికి డబ్బు, కెంటకీ ఫ్రైడ్ చికెన్ పొట్లాలు అందుతున్నాయని ప్రచారం సాగింది. జనవరి 27 అర్ధరాత్రి దాటాక ఇంటర్నెట్‌ను నిలిపివేశారు. ఫిబ్రవరి 2న గాని పునరుద్ధరించలేదు. జనవరి 30న అల్ జజీరా కైరో కార్యాలయాన్ని మూసివేయాలని ఆదేశించారు. ఫిబ్రవరి 2న ముబారక్ మద్దతుదారులు గుర్రాలు, ఒంటెలపై వచ్చి తహ్రీర్‌లోని వారిపై దాడి చేశారు. మరునాడు ప్రభుత్వ నైల్ టీవీలో ఉన్నత స్థానంలో ఉన్న షహీరా అమీన్ ఇకపై ఈ ప్రచారంలో పాలుపంచుకోలేనంటూ ఉద్యోగం వదిలి తహ్రీర్‌కు వెళ్లారు.

గాల్టుంగ్ పట్టికలోని రెండో అంశం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. 'వారు' విదేశీ ఏజెంట్లు, 'మనం' దేశం. ఇలా విభజించిన తరువాత కోర్కెల గురించి మాట్లాడవలసిన అవసరమే ఉండదు.

9.5.3 అంతర్జాతీయ మాధ్యమాలు

అల్ జజీరా తహ్రీర్ నుంచి రాత్రింబవళ్లు ప్రత్యక్ష ప్రసారం చేసింది. సామాన్యుల గొంతు ప్రపంచానికి వినిపించింది. ఇది మూడో అంశంలో శాంతి జర్నలిజానికి దగ్గరగా ఉంది. పాశ్చాత్య మాధ్యమాలలో మొదట 'ఈజిప్టు స్థిరత్వం ఏమవుతుంది, సూయజ్ కాలువ, ఇజ్రాయెల్ ఒప్పందం ఏమవుతాయి' అన్న ఆందోళన కనిపించింది. తరువాత 'ఫేస్‌బుక్ విప్లవం' అన్న పేరు బాగా ప్రచారమైంది.

ఈ పేరు నిరసనకారులకు అనుకూలమైనదే. కానీ అది కూడా చట్రమే. ఫేస్‌బుక్‌లో పేజీ నడిపిన చదువుకొన్న యువకుడు అందులో కనిపిస్తాడు. మహల్లా నూలుమిల్లు కార్మికురాలు కనిపించదు. ఫిబ్రవరి రెండో వారంలో సూయజ్ కాలువ అనుబంధ సంస్థల కార్మికులతో సహా వేలాది మంది సమ్మెకు దిగారు. ముబారక్‌పై చివరి ఒత్తిడి తెచ్చిన వాటిలో ఇదొకటి. ఇంటర్నెట్ నిలిచిపోయిన అయిదు రోజుల్లోనూ ఉద్యమం ఆగలేదన్న విషయం కూడా ఈ పేరులో ఇమడదు.

9.5.4 ఫిబ్రవరి 11 తరువాత

ముబారక్ దిగిపోయిన రాత్రి తహ్రీర్‌లో జరిగిన సంబరాలను ప్రపంచమంతా చూసింది. ఆ తరువాత అంతర్జాతీయ కెమెరాలు చాలావరకు లిబియా వైపు మళ్లాయి. ఆ 18 రోజుల్లో కనీసం 846 మంది చనిపోయారని అధికారిక నిజనిర్ధారణ సంఘం ఏప్రిల్‌లో ప్రకటించింది. అధికారం సైనిక మండలి చేతికి వచ్చింది. పోలీసు వ్యవస్థ, వేతనాలు, చట్టం – జనం వీధుల్లోకి రావడానికి కారణమైన సమస్యలు – ఎక్కడివక్కడే ఉన్నాయి. విజయం వార్త అయింది, మిగిలిన సమస్యలు వెనకబడ్డాయి.

దీని ఫలితం ఎనిమిది నెలల్లో కనిపించింది. 2011 అక్టోబరు 9న కైరోలోని మాస్పెరో ప్రాంతంలో కాప్టిక్ క్రైస్తవులు, వారి మద్దతుదారులు ఒక చర్చిపై జరిగిన దాడికి నిరసనగా ఊరేగింపు తీశారు. మాస్పెరో అంటే ప్రభుత్వ టెలివిజన్ భవనం ఉన్న చోటు. సైనిక వాహనాలు జనం మీదుగా దూసుకుపోయాయి, కాల్పులు జరిగాయి. ఇరవై మందికి పైగా మరణించారు. అదే సమయంలో అదే భవనంలోంచి ప్రభుత్వ టెలివిజన్ నిరసనకారులే సైనికులను చంపుతున్నారని చెప్పింది. సైన్యాన్ని కాపాడటానికి పౌరులు బయటికి రావాలని వార్తా వ్యాఖ్యాత పిలుపునిచ్చింది. కర్రలు పట్టుకొని వచ్చినవారు ఉన్నారు. వార్తా చట్రం వీధిలోని మనుషుల ప్రాణాల మీదికి రావడమంటే ఇదే.

2013 జూలై 3న సైన్యం అధ్యక్షుడు ముర్సీని తొలగించింది. ఆయన మద్దతుదారులు రబా కూడలిలో బైఠాయించారు. ఆగస్టు 14న భద్రతా బలగాలు వారిని చెదరగొట్టినప్పుడు కనీసం 817 మంది మరణించారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2014లో వెల్లడించింది. ఆ రోజుల్లో పలు ఈజిప్టు చానళ్ల తెర మూలన ఒక నినాదం శాశ్వతంగా కనిపించేది: 'ఈజిప్టు ఉగ్రవాదంతో పోరాడుతోంది'. 2011లో తహ్రీర్‌లో 'ప్రజలు'గా నిలిచినవారిలో కొందరు 2013 నాటికి తెరమీద 'ఉగ్రవాదులు' అయ్యారు.

రెండు సందర్భాల్లోనూ పాత్రలు మారాయి, చట్రం మారలేదు. రెండే పక్షాలు, ఒక పక్షం గెలవాలి, గెలిస్తే కథ ముగిసింది.

> మీ అవగాహనను సరిచూసుకోండి – 2
> అ) 'ఫేస్‌బుక్ విప్లవం' అన్న పేరు ఎవరిని చట్రం బయట ఉంచింది?
> ఆ) తిరుగుబాటుకు అనుకూలమైన వార్త కూడా యుద్ధ జర్నలిజం కావచ్చు. ఎలా?

9.6 ఒకే రోజు – రెండు కథనాలు

2011 జనవరి 28, శుక్రవారం నాటి సంఘటనలను రెండు చట్రాల్లో ఎలా రాయవచ్చో చూద్దాం. కింది రెండు కథనాలనూ ఈ పాఠం కోసం తయారు చేశాం.

కథనం – 1
*రణరంగమైన కైరో*
ఈజిప్టు రాజధాని శుక్రవారం రణరంగంగా మారింది. వేలాది ఆందోళనకారులు పోలీసులతో తలపడ్డారు. అధికార పార్టీ ప్రధాన కార్యాలయం మంటల్లో చిక్కుకొంది. పరిస్థితి అదుపు తప్పడంతో సైన్యం రంగంలోకి దిగింది. మూడు నగరాల్లో సాయంత్రం 6 నుంచి ఉదయం 7 గంటల వరకు కర్ఫ్యూ విధించారు. ముబారక్ ఈ దెబ్బను తట్టుకొంటారా లేదా అన్నది తేలాల్సి ఉంది.

కథనం – 2
*పోలీసుల తీరుపై కైరోలో భారీ నిరసన*
పోలీసుల చిత్రహింసలు ఆగాలని, 1981 నుంచి అమలులో ఉన్న అత్యవసర చట్టాన్ని ఎత్తివేయాలని, ముబారక్ గద్దె దిగాలని కోరుతూ శుక్రవారం ప్రార్థనల తరువాత వేలాది మంది తహ్రీర్ కూడలి వైపు సాగారు. కస్ర్ అల్-నీల్ వంతెనపై పోలీసులు వారిపై బాష్పవాయువు, నీటి ఫిరంగులు ప్రయోగించారు. సాయంత్రానికి పోలీసులు వీధుల నుంచి వెళ్లిపోయారు. అధికార పార్టీ ప్రధాన కార్యాలయం మంటల్లో చిక్కుకొంది. దాని పక్కనే ఉన్న ఈజిప్టు మ్యూజియాన్ని కాపాడటానికి పౌరులు చేయీచేయీ కలిపి చుట్టూ నిలబడ్డారు. సైన్యం నగరంలోకి వచ్చింది, కర్ఫ్యూ విధించారు. ఇంటర్నెట్ నిలిపివేయడం వల్ల మృతుల సంఖ్యను నిర్ధారించుకోవడం కష్టంగా ఉంది.

రెండింటిలోనూ తప్పుడు సమాచారం లేదు. రెండో కథనం మంటలను దాచలేదు, కర్ఫ్యూను దాచలేదు. అయితే అందులో మూడు అంశాలు అదనంగా ఉన్నాయి: జనం కోరినది ఏమిటి, ఏ పని ఎవరు చేశారు, హింస మధ్యనే కొందరు చేసిన మంచి పని. మొదటి కథనం ముబారక్ నిలుస్తారా లేదా అన్న ప్రశ్నతో ముగిసింది. క్రికెట్ వార్త కూడా అలాగే ముగుస్తుంది. రెండో కథనం తనకు తెలియనిది ఏమిటో, ఎందుకు తెలియలేదో చెప్పి ముగిసింది.

9.7 తెలుగు వార్తా భాష

ఈ పరిశీలనను ఇప్పుడు మన భాషకు అన్వయిద్దాం. తెలుగు దినపత్రికల్లో స్థిరపడిన కొన్ని మాటలు రాసేవారు గమనించకుండానే చట్రాన్ని మోసుకొస్తాయి.

కర్త లేని వాక్యం: 'కాల్పుల్లో ముగ్గురి మృతి' అన్న శీర్షికలో కాల్చినవారు లేరు. 'పోలీసు కాల్పుల్లో' అని ఒక్క మాట చేరిస్తే వార్త మారుతుంది. అదే పత్రిక 'ఆందోళనకారుల రాళ్ల దాడి' అని రాసేటప్పుడు కర్తను వదలదు. ఒక పక్షానికి కర్త ఉండి, రెండో పక్షానికి లేకపోతే అది శైలికి సంబంధించిన విషయం కాదు.

విశేషణాలు: 'స్వల్ప లాఠీచార్జి' అన్నప్పుడు ఆ 'స్వల్ప' అన్నది ఎవరి కొలత? దెబ్బ తిన్నవారిని అడిగి రాసినదా, అధికారి చెప్పినదా?

వ్యక్తులకు పెట్టే పేర్లు: రైతులు, విద్యార్థులు, అంగన్‌వాడీ ఉద్యోగులు నిరసనకు దిగగానే 'ఆందోళనకారులు' అవుతారు. రాయి పడగానే 'అల్లరిమూకలు' అవుతారు. వారి వృత్తి, ఊరు, కోరిక ఆ మాటలో కరిగిపోతాయి. రాయి విసిరినవాడు ఒక్కడైతే ఒక్కడనే రాయాలి.

ముగింపు వాక్యం: 'పరిస్థితి ప్రస్తుతం అదుపులో ఉంది.' ఎవరి అదుపులో? సమస్య తీరిందా, జనం చెదిరిపోయారా?

> అభ్యాసం
> 2011 మార్చి 10న ప్రత్యేక తెలంగాణ రాష్ట్రాన్ని కోరుతూ హైదరాబాద్ ట్యాంక్‌బండ్‌పై 'మిలియన్ మార్చ్' జరిగింది. అదే ఏడాది ఫిబ్రవరి 1న కైరోలో జరిగిన భారీ ప్రదర్శనకు కూడా ఈ పేరే పెట్టారు. ట్యాంక్‌బండ్‌పై ఆ రోజు ప్రముఖుల విగ్రహాలు కొన్ని ధ్వంసమయ్యాయి. మీకు దగ్గరలోని గ్రంథాలయంలో మార్చి 11 నాటి రెండు వేర్వేరు తెలుగు పత్రికలను తీసుకొని కింది అంశాలను గుర్తించండి: (1) పతాక శీర్షికలో విగ్రహాలున్నాయా, కోర్కె ఉందా, పోలీసు ఆంక్షలున్నాయా? (2) ఎంతమంది అధికారుల మాటలు, ఎంతమంది నాయకుల మాటలు, ఎంతమంది సామాన్యుల మాటలు ఉన్నాయి? (3) ఎన్ని శీర్షికల్లో కర్త లేడు? మీరు ఏ పక్షం వారైనా లెక్క మాత్రం ఒకే విధంగా వేయండి.

9.8 శాంతి జర్నలిజంపై విమర్శలు

శాంతి జర్నలిజం అందరి ఆమోదం పొందిన సిద్ధాంతం కాదు. దానిపై ప్రధానంగా మూడు విమర్శలున్నాయి.

*మొదటిది:* విలేకరి పని జరిగినది చెప్పడమే గాని శాంతిని నెలకొల్పడం కాదు. బీబీసీ విలేకరిగా పనిచేసిన డేవిడ్ లోయిన్ ఈ వాదనను గట్టిగా వినిపించాడు. ఒక మంచి లక్ష్యం కోసమైనా సరే, ముందే ఫలితాన్ని కోరుకొని రాస్తే వార్త దెబ్బతింటుందని ఆయన అభిప్రాయం.

*రెండోది:* వార్త రూపాన్ని విలేకరి ఒక్కడే నిర్ణయించడు. గడువు, స్థలం, యాజమాన్యం, ప్రకటనలు, ప్రభుత్వ ఒత్తిడి అన్నీ కలిసి నిర్ణయిస్తాయి. వీటిని పక్కన పెట్టి విలేకరిని మాత్రమే మారమనడం వల్ల ప్రయోజనం పరిమితమని జర్మన్ పరిశోధకుడు థామస్ హానిచ్ వంటివారు వాదించారు. షహీరా అమీన్ ఉదంతం ఈ వాదనకు బలం చేకూరుస్తుంది. ఆమె తన చానల్ చట్రాన్ని మార్చలేక ఉద్యోగాన్ని వదిలారు.

*మూడోది:* 'అన్ని పక్షాలూ' అన్న మాట ప్రమాదకరం కావచ్చు. తుపాకీ పట్టినవారిని, దాని ముందు నిలబడినవారిని ఒకే త్రాసులో తూచినట్లవుతుంది.

మొదటి విమర్శకు శాంతి జర్నలిజం వాదులు ఇచ్చే సమాధానం ఇది: ఎంపిక లేని వార్త లేదు. అధికారి మాటతో మొదలుపెట్టడం కూడా ఒక పక్షాన్ని ఎంచుకోవడమే. మూడో విమర్శకు గాల్టుంగ్ పట్టికలోనే జవాబుంది. అన్ని పక్షాలనూ *వినాలి* అంటే అన్ని పక్షాల బాధ్యతనూ *సమానం చేయాలి* అని కాదు. ఎవరు కాల్చారో పేరు పెట్టి చెప్పడం, ఏ పక్షం అబద్ధాన్నైనా బయటపెట్టడం శాంతి జర్నలిజంలో భాగమే. రెండో విమర్శ మాత్రం నేటికీ బలంగా నిలిచి ఉంది. విలేకరి చేతిలో ఉన్నది కొంతే. అయితే ఆ కొంత విలువైనదని 9.6లోని రెండు కథనాలను పోల్చితే తెలుస్తుంది. రెండో కథనం రాయడానికి అదనంగా కావలసింది అడగవలసిన కొన్ని ప్రశ్నలు మాత్రమే.

> మీ అవగాహనను సరిచూసుకోండి – 3
> అ) అన్ని పక్షాలనూ వినడానికి, అన్ని పక్షాలనూ సమానం చేయడానికి తేడా ఏమిటి?

9.9 సారాంశం

వార్తా చట్రం సంఘటనలోని కొన్ని అంశాలను ఎంచుకొని ముందుకు తెస్తుంది, మరికొన్నింటిని బయట వదులుతుంది. గాల్టుంగ్ వర్గీకరణ ప్రకారం యుద్ధ జర్నలిజం హింస, ప్రచారం, ప్రముఖులు, విజయం అనే అంశాల చుట్టూ తిరుగుతుంది. శాంతి జర్నలిజం సంఘర్షణ మూలాలు, సత్యం, ప్రజలు, పరిష్కారం అనే అంశాలపై దృష్టి పెడుతుంది. 2011లో ఈజిప్టు ప్రభుత్వ మాధ్యమాలు తిరుగుబాటును మొదట దాచాయి, తరువాత విదేశీ కుట్రగా చూపాయి, చివరకు విజయంగా కీర్తించాయి. అంతర్జాతీయ మాధ్యమాలు ప్రజల గొంతు వినిపించినా, విజయంతోనే కథ ముగిసినట్లు భావించాయి. మాస్పెరో, రబా సంఘటనలు ఆ కథ ముగియలేదని చూపాయి. వార్త ఎవరి పక్షాన ఉందన్న ప్రశ్నతో పాటు మరో ప్రశ్న కూడా వేసుకోవాలి: ఈ వార్త చదివినవారికి జనం ఎందుకు వచ్చారో, ఏం జరిగితే ఇంటికి వెళతారో తెలిసిందా?

9.10 కీలక పదాలు

వార్తా చట్రం: వార్తలో అంశాల ఎంపిక, వాటికిచ్చే ప్రాధాన్యం.
నిరసన వార్తల మూస: నిరసనలను గొడవలుగా, అసౌకర్యంగా, అధికారుల కోణంలో చూపే అలవాటు.
నిర్మాణాత్మక హింస: వ్యవస్థ కారణంగా ప్రజలకు కలిగే హాని, కొట్టినవారు ఎవరూ కనిపించరు.
సాంస్కృతిక హింస: ఇతర రకాల హింసను సహజంగా, న్యాయంగా కనిపించేటట్లు చేసే నమ్మకాలు, భాష.

9.11 మీ అవగాహనను సరిచూసుకోండి – సమాధానాలు

1. అ) సమస్యను నిర్వచించడం, కారణాన్ని చూపడం, నైతిక తీర్పు ఇవ్వడం, పరిష్కారాన్ని సూచించడం. ఆ) మొదటిది వీధుల్లో అలజడి లేకపోవడం. రెండోది ప్రత్యక్ష, నిర్మాణాత్మక, సాంస్కృతిక హింసలు మూడూ తగ్గడం.

2. అ) సమ్మెలు చేసిన కార్మికులను, ఇంటర్నెట్‌తో సంబంధం లేకుండా ఉద్యమంలో పాల్గొన్న సామాన్యులను. ఆ) రెండే పక్షాలను చూపి, ఒక పక్షం విజయంతో కథ ముగిసినట్లు చెప్పి, సమస్య మూలాలను, పరిష్కారాన్ని వదిలేస్తే అది యుద్ధ జర్నలిజమే అవుతుంది.

3. అ) వినడమంటే ప్రతి పక్షం వాదననూ నమోదు చేసి పరీక్షించడం. సమానం చేయడమంటే ఎవరు ఏం చేశారన్న తేడాను చెరిపివేయడం.

9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి సుమారు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. యుద్ధ జర్నలిజం, శాంతి జర్నలిజాల భేదాలను గాల్టుంగ్ వర్గీకరణ ఆధారంగా వివరించండి.
2. 2011 ఈజిప్టు తిరుగుబాటును మాధ్యమాలు చూపిన తీరును విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి సుమారు 15 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. 1968 నాటి లండన్ ప్రదర్శన వార్తల నుంచి మనం ఏం గ్రహించవచ్చు?
2. తెలుగు వార్తా శీర్షికల్లో కర్తను వదిలివేయడం వల్ల కలిగే ఫలితాలను ఉదాహరణలతో తెలపండి.
3. శాంతి జర్నలిజంపై వచ్చిన విమర్శలను సమీక్షించండి.